ఎర్ర టర్బో కారు, నా కూతురి మీద పడ్డ నింద

దక్షిణ ఆస్ట్రేలియాలోని ట్రెగోలన్ ఊళ్ళో, మెయిన్ రోడ్డు మీద నా కుట్టుమిషన్ల రిపేరు షాపు వెనక గదుల్లో ఉంటున్న గ్లెనిస్ మే పెన్‌హేల్ అనే నేను, పుట్టింటి పేరు ట్రెజైజ్, వయసు అరవై ఏడు, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో నా చేత్తో నేనే రాసుకున్న మరణశాసనం ఇది.

నా బుద్ధి నిలకడగా ఉంది. చెడిపోయినవి కాలేయం, ఎడమ ఊపిరితిత్తి. ఈ సంగతి డాక్టరమ్మ రాసి సంతకం పెట్టింది. కోపంలో రాసిన వీలునామా చెల్లదని రేపు ఎవరైనా పేచీ పెడతారేమోనని లాయరుని ముందుగానే అడిగాను. "కోపం పిచ్చి కాదు గ్లెనిస్" అన్నాడాయన. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చాడు. రెండు కాగితాలూ దీనికి జతపరిచాను.

1988లో నేను రాసిన వీలునామా, అందులో ఉన్న "నా ప్రియమైన భర్తకు" అన్న మాటతో సహా, ఈ రోజుతో రద్దు.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యతను వలరూ రేవు దగ్గర చేపల ఎరలు అమ్ముకునే లాజరోస్ మండాలిస్ గారికి అప్పగిస్తున్నాను. ఆయన నాకు బంధువు కాడు. 1998 డిసెంబరులో, కోతల రోజుల్లో, బార్లీ లోడుతో వెళ్తున్న ఆయన ట్రక్కుని నా కూతురు కెరెన్సా నా కారుతో గుద్దింది. ట్రక్కు పక్కకి ఒరిగిపోయింది. కిటికీ మీద ఆనించి ఉన్న ఆయన కుడి చెయ్యి మోచేతి కింద పోయింది. ఈ ఊళ్ళో ఇంతమంది ఉండగా నేను ఆయన్నే ఎందుకు నమ్ముతున్నానో ఈ కాగితాలు చదివిన వాళ్ళకి అర్థమవుతుంది. ఆయన ఎడమ చేత్తో పెట్టే సంతకం వంకరగా ఉంటుంది. బ్యాంకులో కూర్చున్న కుర్ర గుమస్తాలు దానికి వంక పెట్టకూడదు.

రెండు. షాపులోని మిషన్లు, పనిముట్లు, దారపు కండెల అలమర నా స్నేహితురాలు డల్సీ హాకింగ్‌కి ఇస్తున్నాను. మా అమ్మ చేత్తో తిప్పిన నల్ల మిషను కూడా ఆమెకే. కెరెన్సా జైల్లో ఉన్న ఆరు నెలలూ ప్రతి ఆదివారం డల్సీ తన కారులో నన్ను అడిలైడ్ తీసుకెళ్ళింది. రెండు గంటలు వెళ్ళడం, రెండు గంటలు రావడం. దారిలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నేను లోపలికి వెళ్తే గేటు బయట కారులో కూర్చుని అల్లుకునేది. ఆ ఏడాది ఊళ్ళో ఎనిమిది మంది పిల్లలకి స్వెట్టర్లు వచ్చాయి. నల్ల మిషనుకి నెలకోసారి నూనె వెయ్యాలని డల్సీకి చెప్పక్కర్లేదు. అయినా రాస్తున్నాను, డల్సీకి మతిమరుపు.

ఊరి అంబులెన్సు దళానికి ఏమీ ఇవ్వడం లేదు. ఏటా డబ్బా పట్టుకుని వస్తారు, ఏటా వేశాను. కానీ తీర్పు వచ్చిన నాలుగో రోజున, నా కూతురు జీతం లేకుండా వాళ్ళకి పనిచేస్తూ నాలుగేళ్ళు వేసుకున్న యూనిఫాం తిరిగి పంపమని రెండు వరుసల ఉత్తరం రాశారు. ఇస్త్రీ చేసి పంపమని కూడా రాశారు. ఇస్త్రీ నేనే చేశాను.

మూడు. ఇది మెర్విన్ స్ట్రిబ్లీ గురించి. ఇతన్ని మెర్వ్ అంటాం, నా భర్త క్లెమ్‌కి పిన్ని కొడుకు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో కార్ల షెడ్డు నడిపాడు. ఇతనికి నేనిచ్చేదేమిటో చివర్లో రాస్తాను. ఎందుకిస్తున్నానో ముందు రాస్తాను.

1994లో నేను ఒక ఎర్ర కారు కొన్నాను. అప్పటికే దానికి ఎనిమిదేళ్ళు. రెండే తలుపులు, నేలకి ఆనినట్టుండే ఒళ్ళు, ముందు మూత మీద గాలి పోయే సందు. దాని ఇంజనుకి టర్బో ఉంది. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం గాలిని ఒత్తి ఇంజను గొంతులోకి పంపుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే మొదట ఏమీ జరగదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోగా వీపు మీద ఎవరో అరచేత్తో తోసినట్టు కారు ముందుకు దూకుతుంది. నలభై రెండేళ్ళు వచ్చేదాకా నా జీవితంలో నన్నెవరూ అలా ముందుకు తొయ్యలేదు. అందరూ వెనక్కి లాగినవాళ్ళే.

కారు ఇంటికి తెచ్చిన రోజున క్లెమ్ గేటు దగ్గర నిలబడి చూశాడు. "దీంట్లో గొర్రె పడుతుందా? గడ్డిమోపు పడుతుందా?" అన్నాడు. "నేను పడతాను" అన్నాను. తరవాత నాలుగేళ్ళూ అతను దాన్ని కారు అని పిలవలేదు, "నీ బొమ్మ" అనేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళ దగ్గర "మా ఆవిడకి ఈ వయసులో గాలి సోకింది" అని నవ్వేవాడు.

1996 ఎండాకాలంలో కారుకి ఒక జబ్బు మొదలైంది. వేడి రోజున అరగంట నడిపాక, ముందు వెళ్ళే బండిని దాటుదామని మూడో గేరులో గట్టిగా తొక్కితే, సరిగ్గా టర్బో అందుకునే చోట ఇంజను ఊపిరి ఆగిపోయేది. ఒక్క శ్వాసంత సేపు. కాలు తీసి మళ్ళీ తొక్కితే ఏమీ ఎరగనట్టు పరిగెత్తేది. చల్లటి పొద్దుట ఎంత తొక్కినా రాదు. షెడ్డులో నిలబెట్టి చూస్తే రాదు. పాత టర్బో కారు ఉన్నవాళ్ళకి ఈ యాతన తెలుసు. వైద్యుడి ఇంటికి చేరగానే నెప్పి మాయమయ్యే రోగి లాంటిది అది.

మెర్వ్ దగ్గరికి ఆరుసార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి ప్లగ్గులు మార్చాడు. రెండోసారి పెట్రోలు పంపు మార్చాడు. మూడోసారి, తన దగ్గర పనిచేసే ఇద్దరూ వింటుండగా, "కారుకి ఏ రోగమూ లేదు గ్లెనిస్. నీ కుడికాలికి బరువెక్కువ, అంతే" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఇరవై ఏళ్ళుగా ఈ జిల్లాలో ఏ కుట్టుమిషను పళ్ళు తప్పినా వేలితో తడిమి చెప్పగలిగిన దాన్ని నేను. చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ అందించి, "ఇంటికెళ్ళి టీ తాగు" అన్నాడు నాతో.

1997 నవంబరులో, ఆరోసారి, కారు రెండు రోజులు ఉంచుకున్నాడు. ఇచ్చేటప్పుడు "అక్కడక్కడా బిగించాను" అన్నాడు. డిసెంబరు నుంచి ఆ ఎండాకాలమంతా కారు తప్పు పట్టడానికి లేకుండా నడిచింది. సంతోషం పట్టలేక పన్నెండు పాస్టీలకి పిండిరేకుల్లో మాంసం, టర్నిప్పు దట్టంగా కూరి, అంచులు మా అమ్మమ్మ పద్ధతిలో మడిచి కాల్చి, వేడివేడిగా అతని షెడ్డుకి పట్టుకెళ్ళాను. నిలబడే రెండు తిన్నాడు. ఆ పాస్టీలు నాకు ఇవాళ్టికీ గొంతులో అడ్డుపడతాయి.

మరుసటి ఏడు డిసెంబరులో ఆ జబ్బు మళ్ళీ తొంగిచూసింది. ఒక్కసారి, చిన్నగా. మెర్వ్‌కి ఫోన్ చేశాను. "కోతలయ్యాక చూద్దాంలే. నడుపుకో, ఏం కాదు" అన్నాడు. "ఏం కాదు" అన్నాడు. ఈ రెండు మాటలూ చదివేటప్పుడు లాజరోస్ గారు రెండుసార్లు చదవాలి.

మూడు రోజుల తరవాత కెరెన్సా అంబులెన్సు ఉద్యోగం పరీక్షకి అడిలైడ్ వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళది. దాని పాత కారుకి బ్యాటరీ చచ్చిపోయింది. "నాది తీసుకెళ్ళు" అన్నాను. తాళాలు ఇచ్చింది నేనే. ఈ కాగితాల్లో నేను ఎవరెవర్ని తిడుతున్నానో ఆ లెక్కలో నేను లేనని ఎవరూ అనుకోవద్దు.

నలభై రెండు డిగ్రీల ఎండ. ఊరు దాటి ముప్ఫై మైళ్ళు వెళ్ళాక లాజరోస్ గారి ట్రక్కు ముందుంది. ఎదర రోడ్డు ఖాళీ. పక్కకి తీసి మూడో గేరులో తొక్కింది. ట్రక్కు సగం దాటేసరికి ఇంజను చచ్చింది. దూరాన మలుపులోంచి ఒక బండి ఎదురొచ్చింది. ముందుకి పోలేదు, వెనక్కి తగ్గే వ్యవధి లేదు. ఎడమకి కోసింది. ట్రక్కు ముందు చక్రానికి తగిలింది.

కోర్టులో కెరెన్సా ఒకటే మాట చెప్పింది. "కారు ఆగిపోయిందండీ. నేను ఆపలేదు." పరీక్ష చేసినవాళ్ళు కారుని చల్లగా ఉండగా చూశారు. బ్రేకులు బాగున్నాయి, చక్రాలు బాగున్నాయి అన్నారు. ఆ తరవాత మెర్వ్ కోటు వేసుకొచ్చి, బైబిలు మీద చెయ్యి పెట్టి, "ఆరుసార్లు ఈ చేతులతో చూశానండీ. ఆ కారులో ఏ లోపమూ నాకు కనపడలేదు" అన్నాడు. మా లాయరు గుచ్చి అడిగితే, "ఆ ఇంట్లో ఆడవాళ్ళకి స్పీడంటే సరదా" అని కూడా అన్నాడు. నా కూతురికి ఆరు నెలలు జైలు, ఐదేళ్ళు లైసెన్సు రద్దు. అంబులెన్సు కల అక్కడితో సరి. విడుదలయ్యాక అది ఈ ఊళ్ళో మూడు వారాలు కూడా ఉండలేకపోయింది. సముద్రం దాటి, దక్షిణాన ఉన్న దీవిలో డెవన్‌పోర్ట్ అనే ఊరికి వెళ్ళిపోయింది. అక్కడ ఒక వృద్ధాశ్రమంలో వంటింట్లో పని. లైసెన్సు తిరిగొచ్చినా ఇరవై ఏళ్ళు స్టీరింగు ముట్టుకోలేదు. బస్సులో కూడా కిటికీ పక్కన కూర్చోదు.

విరిగిన కారుని తుక్కుకి వేస్తానని క్లెమ్ మూడుసార్లు ట్రాలీ తెచ్చాడు. మూడుసార్లూ దాని ముందు నిలబడ్డాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేదాన్ని. నా కూతురు అబద్ధం చెప్పలేదనడానికి ఈ లోకంలో మిగిలిన సాక్షి ఆ కారు ఒక్కటే. నోరు లేదు పాపం. అయినా సాక్షిని తుక్కులో వేస్తారా ఎవరైనా?

పదిహేనేళ్ళు టార్పాలిన్ కింద ఉంది. 2014లో షాపు పని తగ్గించుకుని దాని మీద కూర్చున్నాను. ఎక్కడెక్కడి నుంచో మడ్‌గార్డులు, దీపాలు, రేడియేటరు తెప్పించుకున్నాను. నలిగిన చట్రాన్ని సరిచేయించాను. ఇంజను విప్పి, కడిగి, కట్టాను. కానీ గాలి గొట్టాలు, వైర్లు వేటినీ మార్చలేదు. అన్నీ ఆనాటివే ఉంచాను. జబ్బు కావాలి నాకు. 2019 ఫిబ్రవరిలో, ఎండ మండుతుండగా, కోసిన బార్లీ పొలంలో నడిపాను. అరగంటయ్యాక మూడో గేరులో తొక్కాను. ఒకటి, రెండు. ఊపిరి ఆగింది. ఇరవై ఏళ్ళ తరవాత, అదే శ్వాస, అంతే పొడుగు. ఏడుస్తూ స్టీరింగు మీద గుద్దాను.

తరవాత పదకొండు రోజులు వెతికాను. మిషన్లు నాకు నేర్పిన పద్ధతి ఒకటే. ఊహించకు, ఒక్కొక్కటే తీసెయ్. పెట్రోలు ఒత్తిడి కొలిచాను, సరిగ్గా ఉంది. ప్లగ్గుల నిప్పురవ్వ చూశాను, సరిగ్గా ఉంది. మిగిలింది గాలి. టర్బో మూతికి బిరడా వేసి, దానికి టైర్లకి గాలి కొట్టే పంపు తగిలించి, గొట్టాలన్నిటి మీద సబ్బునీళ్ళు చల్లాను. ఒక్క బుడగ లేదు. రబ్బరు చల్లగా ఉంది కదా అని తోచింది. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో గొట్టాలని ఒక్కొక్కటీ చెయ్యి కాలేదాకా వేడిచేసి, మళ్ళీ గాలి కొట్టాను. ఇంజనులోకి వెళ్ళే ఆఖరి గొట్టం అడుగున, కంటికి ఆనని చోట, బుడగలు పొంగాయి. అన్నం ఉడికినట్టు పొంగాయి.

విప్పి తిరగేసి చూశాను. బొటనవేలంత పొడుగు చీలిక. చల్లగా ఉంటే పెదవుల్లా మూసుకుంటుంది. వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగితే నోరు తెరుస్తుంది. ఇంజనుకి పోవాల్సిన గాలి బయటికి పోతుంది. అదీ జబ్బు. అయితే నేను ఆగిపోయింది చీలికని చూసి కాదు. దాని చుట్టూ నల్లటి బంక పూసి ఉంది. ఎండి, నూనెకి నాని, ఒక పక్కన పొరలా లేచిపోయి ఉంది. ఎవరో ఆ చీలికని చూశారు. చూసి, కొత్త గొట్టం వెయ్యకుండా, నాకు చెప్పకుండా, బంక పూసి బిగించేశారు. ఆ గొట్టాన్ని నేనూ మెర్వూ తప్ప ఇంకెవరూ విప్పలేదు.

ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్ళాను. భోజనాల బల్ల మీద గొట్టం పెట్టాను. అతను దాన్ని చూసి గుర్తుపట్టడం నేను కళ్ళారా చూశాను. ఆ తరవాత ఎన్ని మాటలన్నా దండగే. "ఎవరో పూసుంటారు" అన్నాడు ముందు. తరవాత, "అప్పట్లో ఆ భాగం దొరికేది కాదు" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి గొంతు తగ్గించి, "నా మీద పడతావేం గ్లెనిస్? మీ ఆయన్ని అడుగు. కొత్తది తెప్పించొద్దన్నది అతనే" అన్నాడు.

ఇంటికి వచ్చి అడిగాను. క్లెమ్ భోంచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"రోడ్డు మీద రెండుసార్లు ఆగితే విసుగొచ్చి అమ్మేస్తావనుకున్నా" అన్నాడు.

అంతే. ప్లేటులో మిగిలింది కూడా తిన్నాడు. ఆ రాత్రే రెండు సంచుల్లో బట్టలు సర్దుకుని షాపు వెనక గదులకి వచ్చేశాను.

కాబట్టి, మెర్విన్ స్ట్రిబ్లీకి మూత తియ్యని నల్ల బంక ట్యూబు ఒకటి, కొత్తది, నా తదనంతరం చెందుతుంది. దాన్ని లాజరోస్ గారు పోస్టులో పంపకూడదు. చేతికే ఇవ్వాలి. ఉన్న ఒక్క చేత్తో ఇవ్వాలి.

నాలుగు. కారు. దీన్ని నా కూతురు కెరెన్సా జేన్ పెన్‌హేల్‌కి సర్వహక్కులతో ఇస్తున్నాను. చీలిన గొట్టం కూడా దానికే. అమ్ముకున్నా, దానమిచ్చినా, సముద్రంలో తోసినా ఎవరూ అడగకూడదు.

ఇది ఎలా జరిగిందో రాయాలి, లేకపోతే కెరెన్సాకి ఈ కారు ఇవ్వడం క్రూరత్వమని ఊరు అనుకుంటుంది. గొట్టం దొరికిన మర్నాడే దానికి ఫోన్ చేశాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "అమ్మా, వదిలెయ్. నాదే తప్పు. నాకోసం ఏదో ఒకటి దొరకాలని నువ్వు వెతికావు, దొరికింది. నేను తొందరపడ్డాను, అంతే" అంది. మెర్వ్ మాట, క్లెమ్ మాట కూడా చెప్పాను. "అయినా నేనే కదా నడిపింది" అంది. జైలు ఆరు నెలల్లో అయిపోతుంది. ఇరవై ఏళ్ళు అందరూ తప్పు నీదేనంటే ఆ మాట ఎముకలోకి దిగుతుంది. నా కూతురు కూడా నా కూతుర్ని నమ్మడం మానేసింది. నన్ను ఎక్కువ మండించింది ఇదే.

కేసు తిరగదోడాలని లాయరు అడిలైడ్‌కి కాగితాలు పంపాడు. ఇంకా జవాబు లేదు. జవాబు వచ్చేదాకా నేను ఉండనని డాక్టరమ్మ చెప్పింది. అందుకే వలరూ రేవుకి వెళ్ళి లాజరోస్ గారి ముందు నిలబడ్డాను. చీకొడతాడనే అనుకున్నాను. గొట్టం చేతికిచ్చి అంతా చెప్పాను. ఆయన విని, ఎరల బుట్టకి మూత పెట్టి, "నాకు తెలుసు మిసెస్ పెన్‌హేల్" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కిటికీ తీసే ఉంది కదా. ఆ కారు అరుస్తూ నా పక్కకి వచ్చింది. సరిగ్గా నా పక్కన శబ్దం తెగిపోయింది. పీక నొక్కినట్టు. అద్దంలో ఆ అమ్మాయి మొహం చూశాను. భయంతో కిందికి, పెడల్స్ వైపు చూస్తోంది. సరదాగా నడిపే మొహం కాదది."

"మరి చెప్పలేదేం?"

"ఆసుపత్రి మంచం మీద నన్ను అడిగినవి రెండే. ఎంత స్పీడులో వెళ్తున్నావు, ఏ పక్కన వెళ్తున్నావు. మూడోది అడిగుంటే చెప్పేవాణ్ణి. తరవాత నాకు వొళ్ళు మండింది. చెయ్యి పోయినవాడికి వేరేవాళ్ళ గోల ఎందుకనుకున్నా. అది నా తప్పు." ఆయన ఆ మాట అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో అడక్కుండా తన తప్పు ఒప్పుకున్న మగవాడు, చెయ్యి పోగొట్టుకున్న ఆయన ఒక్కడే.

కెరెన్సాకి ఆయనే ఫోన్ చేశాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. ఈ నవంబరు రెండో వారంలో అది ఓడ దిగి వచ్చింది.

లాజరోస్ గారి స్నేహితుడి పొలంలో మందులు చల్లే విమానాలు దిగే మట్టి బాట ఉంది, తిన్నగా, మైలు పొడుగు. కారుకి పాత గొట్టమే బిగించాను, మీద బంక మొత్తం గీకేసి. మంచి ఎండ చూసుకుని, ముందు అరగంట నడిపి వేడెక్కించి, కెరెన్సాని పక్క సీటులో కూర్చోబెట్టాను. బెల్టు నేనే పెట్టాను. "ఏం చూపిస్తావమ్మా?" అంది. "చూపించను. కూర్చో" అన్నాను.

మూడో గేరు. తొక్కాను. ఒకటి, రెండు. కారు దూకబోయి, ఊపిరి ఆగింది. ముక్కు కిందికి వాలింది.

కెరెన్సా రెండు చేతులూ ముందుకి చాచి డాష్‌బోర్డు పట్టుకుంది. "ఇదే" అంది. "ఇదేనమ్మా. ఇదే. ఇదే." ఎన్నిసార్లందో నేను లెక్కపెట్టలేదు. కారు ఆపాను. దిగి కోసిన పంట కొయ్యకాళ్ళ మీద నడుచుకుంటూ దూరంగా వెళ్ళి, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడింది. బాట పక్కన చూస్తున్న లాజరోస్ గారు దాని దగ్గరికి వెళ్ళలేదు. ఎక్కడ నిలబడ్డాడో అక్కడే టోపీ తీసి పట్టుకున్నాడు.

దానిలో నేరస్థురాలు పోవడానికి పది నిమిషాలు పట్టింది. తిరిగొచ్చి, "కొత్తది వెయ్యి" అంది. ఇంజను మండుతోంది, వేళ్ళు కాలాయి, అయినా అక్కడే విప్పి కొత్త గొట్టం బిగించాను. అదే బాట, అదే గేరు. కారు ఎక్కడా ఆగలేదు, చివరిదాకా అరుచుకుంటూ వెళ్ళింది. బాట చివర కెరెన్సా ఒక మాట చెప్పింది. ఎవరి మీదా ఫిర్యాదులా కాదు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

"నాన్న నాకు ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేస్తాడు కదమ్మా. ప్రతిసారీ, నిన్ను క్షమించానమ్మా అంటాడు. నేను థాంక్స్ నాన్నా అంటాను."

ఇరవై క్రిస్మస్‌లు.

ఇక కారు సంగతి. కెరెన్సా, ఇవి నీకు. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే తొక్కకు, నూనె పైకి ఎక్కనియ్యి. దూరం నడిపి వచ్చాక వెంటనే ఇంజను ఆపకు, టర్బో చక్రం ఎర్రగా కాలి ఉంటుంది, రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపు. నీలం పొగ వస్తే నూనె తాగుతోందని, తెల్ల పొగ తీపి వాసనేస్తే నీళ్ళు తాగుతోందని. ఈల శబ్దం మామూలే. ఈల సన్నగా ఏడుపులా మారితే విప్పించు. ఏదో తేడా ఉందని నీకు అనిపించి, చూసినవాడు ఏమీ లేదని నవ్వితే, వాడి దగ్గర్నించి తాళాలు తీసుకుని బయటికి రా. కారుకి లోపముంటే నడిపేదానికి తెలుస్తుంది. నడపకపోయినా ఫరవాలేదు. తాళాలు నీ దగ్గరుండాలి, అంతే.

ఐదు. ఇల్లు. అది మా నాన్న కట్టింది, నా పేరు మీదే ఉంది. నా తదనంతరం ఆ ఇల్లు కెరెన్సాకి చెందుతుంది. నా భర్త క్లెమెంట్ పెన్‌హేల్‌కి డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళు పనిచెయ్యవు, వేరే చోటు లేదు. అతన్ని వీధిలో పడేసేంత కోపం నాకుంది. అయితే కెరెన్సా వద్దంది. దాని మాట మీద అతను బతికినంత కాలం ఆ ఇంట్లో ఉండొచ్చు, కింది షరతుతో.

నా అంత్యక్రియలయ్యాక ఊరి హాల్లో టీ పోసేటప్పుడు క్లెమ్ లేచి నిలబడాలి. గొట్టం చీలిందని తనకు 1997 నవంబరులోనే తెలుసని, కొత్తది వెయ్యొద్దన్నది తానేనని, కూతురు కోర్టులో నిజం చెబుతుంటే తాను మూడో వరసలో కూర్చుని నోరు మూసుకున్నానని, తన నోటితో, అందరికీ వినపడేలా చెప్పాలి. చదవకూడదు, చెప్పాలి. "అప్పట్లో", "పొరపాటున", "మంచికే అనుకుని" లాంటి మాటలు వాడకూడదు. క్షమాపణ అడగకూడదు. అడిగితే కెరెన్సా ఏదో ఒకటి జవాబు చెప్పాల్సొస్తుంది, దానికి ఆ బరువు పెట్టను. చెప్పాక కూర్చోవాలి. సరిగ్గా చెప్పాడో లేదో తేల్చేది లాజరోస్ మండాలిస్ గారు. చెప్పకపోతే ముప్ఫై రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఈ విషయంలో కెరెన్సా జాలిపడినా చెల్లదు.

ఈ షరతు నేను రహస్యంగా పెట్టలేదు. పోయిన వారం సోమవారం ఇంటికి వెళ్ళి ఈ పేరా అతని ముందే చదివాను. కిటికీలోంచి, కారు పదిహేనేళ్ళు పడి ఉన్న షెడ్డు వైపు చూశాడు. "నేను నీకంటే ముందు పోతే?" అన్నాడు.

"అయితే త్వరగా చెప్పు. ఈ ఆదివారం చర్చిలో అందరూ ఉంటారు" అన్నాను.

ఆదివారం వచ్చింది, వెళ్ళింది. అతను మూడో వరసలోనే కూర్చున్నాడు.

ఆరు. నన్ను మోసేవాళ్ళలో మెర్వ్, క్లెమ్ ఉండకూడదు. పేపర్లో వేసే ప్రకటన వాళ్ళెవరూ రాయకూడదు. డల్సీ రాయాలి. "ప్రశాంతంగా కన్నుమూసింది" అని రాస్తే ఒప్పుకోను. ఈ జిల్లాలో పోయిన ఆడవాళ్ళందరి గురించీ అదే రాస్తారు. అందరూ అంత ప్రశాంతంగా పోయారా? నా గురించి ఇలా వెయ్యాలి: "గ్లెనిస్ పెన్‌హేల్ కోపంతో పోయింది. కెరెన్సా తల్లి. కెరెన్సా కోర్టులో చెప్పింది నిజం." ప్రకటనకి ఎన్ని మాటలైతే అన్ని మాటలకీ డబ్బు నా ఖాతాలోంచి కట్టాలి. ఆఖరి వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పైన రాసినవన్నీ నేను ఎవరి ఒత్తిడీ లేకుండా రాసి, మొదటి నుంచి చివరిదాకా ఇద్దరు సాక్షుల ముందు చదివి వినిపించి, వాళ్ళు చూస్తుండగా సంతకం చేశాను. చదువుతున్నంతసేపూ నా గొంతు వణకలేదని వాళ్ళు కూడా రాస్తామన్నారు.

ట్రెగోలన్, 2019 నవంబరు 28, గురువారం.

(సంతకం) గ్లెనిస్ మే పెన్‌హేల్

సాక్షులు:

1. ఆల్విన్ రోస్‌వార్న్, మందుల షాపు, మెయిన్ రోడ్డు, ట్రెగోలన్. ఆమె గొంతు వణకలేదు.

2. థిర్జా బోల్డర్‌సన్, గ్రంథాలయం, ట్రెగోలన్. వణకలేదు. ఆ కేసు రోజుల్లో నేను కూడా కెరెన్సాదే తప్పు అన్నదాన్ని. ఇది ఇక్కడ రాయమని నన్నెవరూ అడగలేదు.